బొరుగుల బరువు

ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ సామ్సన్ దేన్నయినా ఎత్తి చూస్తేగానీ నమ్మడు. షుగరుందని డాక్టరు చెప్పాక అన్నం ముట్టలేదు. పొద్దున్నే బొరుగులు, అంటే మరమరాలు, తడిపి తాలింపేసిన ఉగ్గాని మాత్రం పళ్ళెం నిండా, పైన మిరపకాయ బజ్జీ. "బొరుగులు గాలే గదప్పా!" అని తోటివాళ్ళతో నవ్వేవాడు. కాలివేలి పుండు మానక నల్లబడ్డాక ఆ నవ్వు పోయింది. "అన్నం ఇడ్సిపెట్టినా గదా, ఇంగా యాడిది సుగరు?" అని భార్య సుగుణమ్మ మీద అరిచాడు. ఆమె అతని పళ్ళేనికి పట్టే చేటెడు బొరుగులు గిన్నెడు నీళ్ళలో నానేసి, గట్టిగా పిండి, ముద్దను అతని చేతిలో పెట్టింది. "తూకం సూడు. బొరుగులు బియ్యంతో కాక దేంతో సేస్తారు?" సామ్సన్ అరచేతిని మెల్లగా ఆడించాడు. చేతిలో ఉన్నది అచ్చం అన్నం ముద్దే. సగం తుంచి గిన్నెలోకి వదిలి, మిగతాది చూపిస్తూ, "ఇంతన్నా తినచ్చునా?" అన్నాడు, కాలివైపు చూడకుండా.