బాచ్డ్ అన్న మాటకు నేను చెప్పిన అర్థం

తడిసిన ఉన్నిగుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనినప్పుడు వచ్చే వాసన మొన్న మయూర్ విహార్‌లో మా ఫ్లాట్ల కింది ఇస్త్రీబండి దగ్గర తగిలింది. కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఢిల్లీ కంటోన్మెంట్‌లో మా నాన్న కుట్టుగది, నా పదకొండో ఏటి చలికాలం కళ్ళ ముందుకొచ్చాయి.

నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి పల్టన్‌లో, అంటే సైనిక పటాలంలో, దర్జీగా చేరాడు. తొంభైల్లో ఆ చలి రోజుల్లో, పొగమంచు విడిచాక, అమ్మా పక్కింటి దీదీలూ మేడ మీద ఎండకి వీపులు పెట్టి, స్వెటర్లు అల్లుతూ, వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటే, మేం పిల్లలం పిఠ్ఠూ అనే ఏడుపెంకులాట ఆడి, నువ్వులూ బెల్లం కలిపిన గజక్ తిని, నువ్వులంటిన చేతులతోనే ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళం. నాన్నకి ఇంగ్లీషు రాదు. ఏ కాగితమొచ్చినా నన్ను పిలిచి, నేను చదువుతున్నంతసేపూ నా మొహమే చూస్తూ కూర్చునేవాడు.

ఆ ఏడు ఒక మేజరుగారి కోటు జ్వరంతోనే కుట్టాడు. రెండోరోజే అది తిరిగొచ్చింది. భుజానికి గుచ్చిన చీటీ మీద ఇంగ్లీషులో ఒకటే మాట, బాచ్డ్.

"ఏటమ్మా, ఏటి రాసినారు?"

నిఘంటువు తీశాను. "పని చెడగొట్టు" అని ఉంది. దాని కింద "మొరటుగా అతుకు వేయు" అని ఉంది. నాన్న కళ్ళు జ్వరానికి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మొదటిది నోట రాలేదు.

"అతుకు వెయ్యమన్నారు నాన్నా."

"కొత్త కోటుకి అతుకేటమ్మా?"

"భుజం లోపల అనుకుంటా."

నా మాట నమ్మాడు. ఆదివారమంతా అస్తరు విప్పి, ముడతపడ్డ భుజం కింద సన్నటి అతుకు వేసి, ఎవరికీ కనబడనంత నాజూగ్గా కుట్టి, సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మేజరుగారి ఇంటికి తీసుకెళ్ళాడు.

మేజరుగారు కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నారు. ముడత అలాగే ఉంది. లోపల చెయ్యి పెట్టి తడిమి, "కామ్ బిగాడ్ దియా, యహీ లిఖా థా. పైబంద్ కిస్‌నే బోలా?" అన్నారు.

పని చెడగొట్టావనే రాశాను, అతుకెవరు వెయ్యమన్నారని ఆయన అడుగుతుంటే, నాన్న ఒక్కసారి నావైపు చూశాడు.

"గల్తీ మేరీ హై సాబ్," అని తప్పు తన మీదే వేసుకున్నాడు.

దారిలో, వేపచెట్ల వరస దాటాక అడిగాడు. "నీకు తెలిసే అలా సెప్పినావా?"

తలూపాను. తిట్టలేదు. నా మఫ్లరు సరిచేసి, నడిచాడు. మర్నాటినుంచి ఇంగ్లీషు కాగితమేదొచ్చినా పై అంతస్తు అంకుల్ దగ్గరికి పట్టుకెళ్ళేవాడు.

ఇప్పుడు నాన్న లేడు. ఆ దర్జీల గదులు పడగొట్టేశారు. మేడల మీద ఎండలో అల్లేవాళ్ళూ లేరు. నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. పిల్లలు ఏ మాటకి అర్థమడిగినా, చేదుదైనా సరే, పూర్తిగా చెబుతాను. కానీ ఆ చలికాలం తరవాత నాన్న నన్నడగాలనుకుని, అడక్కుండా మానుకున్న మాటలెన్నో నాకు తెలియదు.