వీపు మీది అంకె

ఒక మాట చాలా ఏళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. బరువు అందామా అంటే, బరువైతే ఎప్పుడో ఒకప్పుడు దించుకోవాలనిపిస్తుంది కదా. ఇది అలా కూడా లేదు. పొద్దున పాలు కాచేటప్పుడు ఉంటుంది, పాపకు తల దువ్వేటప్పుడు ఉంటుంది. పాప తుమ్మితే జ్వరమేమోనని, మెట్ల దగ్గరికి పోతే పడుతుందేమోనని గుండె దడదడలాడే మనిషిని నేను. ఈ మాట గుర్తొచ్చినప్పుడు మాత్రం గుండె కొట్టుకోదు. ఏమీ అవదు. నాకు భయం వేసేది దానికే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పాప, వాళ్ల నాన్న లోపల పడుకున్నారు. హైవే మీద లారీలు పోతున్నాయి.

మాది జహీరాబాద్. డిగ్రీ ఇక్కడే చదివాను. చివరి ఏడాది మేం ముగ్గురం ఎప్పుడూ కలిసే ఉండేవాళ్లం. నేను, నా స్నేహితురాలు కావేరి, మా క్లాసులోనే చదివే శివరాజ్. శివరాజ్ వాళ్లది అల్లం వ్యాపారం. ఆ శివరాజే ఇప్పుడు నా భర్త. ఇది ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే కథలా ఉంటుంది. ఇది కథ కాదు.

ఆ ఏడాది కావేరికి నెట్‌లో ఒక సినిమా దొరికింది. విదేశీ సినిమా. ఎవరో తెలుగు మాటలు అతికించి పెట్టారు. లిఫ్టులు బాగుచేసే ఒకతను, స్కూలు బస్సు నడిపే ఒకామె. ఇద్దరూ జంట నాట్యాల పోటీలకు వెళ్తుంటారు, వేరే వేరే జోడీలతో. ఒకరోజు అతని జోడీ, ఆమె జోడీ కలిసి లేచిపోతారు. మిగిలిన వీళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టదు. కానీ పోటీ దగ్గరపడింది. ఆగిపోయిన లిఫ్టులో పోట్లాడుకుంటూనే అడుగులు నేర్చుకుంటారు. అతను అడుగు తప్పితే బస్సులో పిల్లలంతా కలిసి వెక్కిరిస్తారు. చివరికి పెద్ద హాలు, జంటలన్నీ ఒకరినొకరు పట్టుకుని హాలు చుట్టూ తిరుగుతుంటాయి. జడ్జీలు గుర్తుపట్టడానికి మగవాళ్ల వీపు మీద అంకె ఉంటుంది. వాళ్లు గెలిచారో లేదో కూడా నాకు గుర్తు లేదు. ప్రేమించుకుంటారు. అది గుర్తుంది.

మేం నవ్వలేక చచ్చేవాళ్లం. కావేరి మాత్రం నవ్వు ఆపి మళ్లీ మళ్లీ చూసేది. హైదరాబాద్‌లో ఒక డాన్సు స్కూలువాళ్లు అలాంటి పోటీయే పెడుతున్నారని కనుక్కుంది. కొత్తవాళ్లు కూడా రావచ్చట. బాగా చేసినవాళ్లకు అక్కడే నేర్పించి, టీచరుగా పెట్టుకుంటారట. కావేరికి అది కావాలి. డిగ్రీ అయిపోతే వాళ్ల అన్న ఆమెను ఇల్లు దాటనివ్వడని మాకందరికీ తెలుసు. ఆమెకు ఉన్న దారి అదొక్కటే. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియదని ఎప్పుడూ అనలేను.

నేర్పేవాళ్లు ఎవరూ లేరు. ఆ సినిమానే మాకు మాస్టరు. శివరాజ్ మేనమామకు హైవే పక్కన ఫంక్షన్ హాల్ ఉంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో కుర్చీలు గోడకు నెట్టేసి, ఫోన్‌లో చూస్తూ, ఆపుతూ, మళ్లీ చూస్తూ నేర్చుకునేవాళ్లం. మొదట్లో నేనూ కావేరీ వంతులవారీగా చేశాం. ఎవరికి బాగా వస్తే వాళ్లు పోటీకి. శివరాజ్ అరచేతికి పచ్చి అల్లం వాసన ఉండేది. ఆ వాసన నా చేతికి అంటుకుని ఇంటికి వచ్చేది. సబ్బుతో కడిగేదాన్ని కాదు.

ఆ నాట్యంలో ఆడమనిషి వెనక్కి నడవాలి. వెనక ఏముందో చూడకూడదు. చూసే పని అతనిది. నాకు అది చేతకాలేదు. ఎవరో వెనక నిలబడ్డట్టు, గోడ తగులుతుందన్నట్టు, ప్రతి అడుక్కీ తల తిప్పేదాన్ని. ఒకరోజు శివరాజ్ నా చెయ్యి వదిలేసి, "నువ్వు నన్ను నడిపియ్యనియ్యవు. కావేరే రానీ," అన్నాడు. కోపంగా కాదు. మామూలుగా.

అప్పటి నుంచి ఫోన్ పట్టుకోవడం నా పని అయింది. వాళ్లిద్దరూ అడుగులు చూసేవాళ్లు. నాకు అడుగులతో పని లేదు కదా. మిగతావన్నీ చూసేదాన్ని. అలా ఒకరోజు సినిమాలో అతని వీపు చూశాను. డెబ్బై నాలుగు. కానీ నాలుగు ముందు ఉంది, ఏడు తర్వాత ఉంది. రెండూ అద్దంలో కనిపించినట్టు అటు తిరిగి ఉన్నాయి.

వెనక్కి జరిపి లిఫ్టు సీను చూశాను. బటన్ల మీద అంకెలు కూడా అంతే.

ఇంటికి వచ్చి నెట్‌లో వెతికాను. సినిమాను దొంగతనంగా పెట్టేవాళ్లు దొరక్కుండా ఉండడానికి బొమ్మను కుడి ఎడమలు తిప్పేసి పెడతారట. నిజం పోటీల వీడియోలు చూశాను. మగవాళ్లంతా ఎడమ చేత్తో ఆడవాళ్ల కుడి చెయ్యి పట్టుకున్నారు. మావాళ్లు కుడి చేత్తో ఎడమ చెయ్యి పట్టుకుంటున్నారు. అక్కడ జంటలన్నీ ఒకే వైపు తిరుగుతున్నాయి. మావాళ్లు దానికి ఎదురు తిరుగుతున్నారు. మాకెవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. మావాళ్లు తిరిగేది ప్రదక్షిణం వైపు. చిన్నప్పటి నుంచి గుడిలో తిరిగే వైపు. మాకు అదే సరైన దారిగా తోచింది. అసలు నాట్యం తిరిగేది దానికి ఉల్టా.

మర్నాడు చెప్పాలనే వెళ్లాను. ఈ మాట నిజం. పోటీకి ఇంకా చాలా రోజులున్నాయి. మార్చుకోవడానికి సమయం ఉంది. వాళ్లు ఒక చుట్టు పూర్తి చేసి, చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. కావేరి నా పక్కన కూలబడి నీళ్ల సీసా అందుకుంది.

"ఏం పిల్లా, గట్ల చూస్తున్నవ్? ఎట్లుంది చెప్పు."

"బాగుంది," అన్నాను.

"బాగుంది గాదు. తప్పులు చెప్పు. మాకు కాళ్లు తప్ప ఏం కనవడ్తలేవు."

శివరాజ్ నవ్వాడు. "గోడ తగుల్తదని భయపడే మనిషిని అడుగుతున్నవా? గామెకేం తెలుస్తది."

"నువ్వు ఊకో శివన్నా. దీని కండ్లు మస్తు తేజ్. చెప్పవే, తిరుగుడు మంచిగుందా?"

"గుడి సుట్టు తిరిగినట్టు తిరుగుతున్నరు," అన్నాను.

కావేరి పడీ పడీ నవ్వింది. "మరి ఉల్టా తిరుగుమంటవా? పాపం తగుల్తది."

ఆ మాట తర్వాత కొంచెం ఖాళీ ఉంది. బయట లారీ హారన్ కొట్టింది. ఆ ఖాళీలో చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. నేను ఆమె చేతిలోంచి సీసా తీసుకుని మూత పెట్టాను.

ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. గామెకేం తెలుస్తది అన్నందుకా? అది చాలా చిన్న కారణం. సినిమాలో కలిసి నాట్యం చేసినవాళ్లు చివరికి ప్రేమించుకుంటారు కాబట్టి, వీళ్లు కూడా అంతేనని నేను నమ్మాను కాబట్టి, వాళ్లు గెలిస్తే నేను ఇక ఫోన్ పట్టుకునే మనిషిగానే మిగిలిపోతానని తోచింది కాబట్టి, అని ఒక్కోసారి జవాబు చెప్పుకుంటాను. కావేరి అతన్ని నోరారా అన్నా అని పిలిచేది. అయినా నేను నమ్మలేదు. ఓడిపోతే చాలనుకున్నాను. ఓడి ముగ్గురం మళ్లీ ముందులా ఉంటే చాలు. అంతేనా? అంతే అని రాయాలని ఉంది. కానీ పోటీ రోజు పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వాళ్లు ఎవరినో ఒకరిని గుద్దుకుంటారని నేను ముందే ఊహించుకున్నాను. ఊహించుకుని ఇడ్లీ తిన్నాను.

ఇళ్లలో కాలేజీ సెమినార్ అని చెప్పి వెళ్లాం. హాలు పెద్దది. కావేరి టైలర్‌తో కుట్టించుకున్న నీలం గౌను వేసుకుంది. శివరాజ్ వీపు మీద అంకెను పిన్నులతో నేనే పెట్టాను. ఒక్కటీ వంకర పోలేదు.

పాట మొదలైంది. జంటలన్నీ ఒకవైపు కదిలాయి. మావాళ్లు ఎదురు వెళ్లారు. మొదటి జంట తప్పుకుంది. రెండో జంట తగిలింది. శివరాజ్ మొహం తెల్లబోయింది. కానీ కాళ్లకు వేరే దారి తెలియదు. కావేరికి ఇవేమీ కనిపించడం లేదు. తల తిప్పకుండా, వెనక్కి చూడకుండా, అతను చూస్తాడన్న నమ్మకంతో వెనక్కి వెనక్కి నడుస్తోంది. వేగంగా వస్తున్న ఒక జంట ఆమె వీపుకు తగిలింది. కావేరి పడిపోయింది. మైకు పట్టుకున్నాయన, "తమ్ముడూ, రాంగ్ రూట్ల వస్తున్నవ్ జర చూసుకో!" అన్నాడు. హాలంతా నవ్వింది. అందరి చేతుల్లో ఫోన్లు. నా చేతిలో కూడా. నేను తీసిన వీడియో ఎవరికీ పంపలేదు. చాలాకాలం దాన్ని నా మంచితనం కింద లెక్క వేసుకున్నాను.

ఇంకెవరో తీసింది జహీరాబాద్ దాకా వచ్చింది. పడిపోయినందుకు ఊరు నవ్వింది. మగపిల్లవాడి చేతుల్లో ఉన్నందుకు కావేరి వాళ్ల అన్న నవ్వలేదు. పరీక్షలు రాయించి, కావేరిని బీదర్‌లో వాళ్ల మేనత్త ఇంటికి పంపించారు. అక్కడే చీరల దుకాణంలో కూర్చుంటుంది. బాగానే ఉన్నానంటుంది. పెళ్లిళ్లలో ఎవరైనా డాన్సు చెయ్యమంటే లేచి బయటికి వెళ్లిపోతుందని వాళ్ల పిన్ని చెప్పింది. నాకు పాప పుట్టినప్పుడు వెండి గజ్జెలు పంపింది. ఆ రోజు హాల్లో నవ్వని ఒక్క మనిషివి నువ్వేనని ఫోన్‌లో అంది.

శివరాజ్ తప్పు తనదే అనుకున్నాడు. సినిమాలో అడుగులు చూసి విడదీసి నేర్పింది తనే. కుడి ఎడమలు తనే తప్పు చూశానని, చూసి నేర్చుకోవడం కూడా రాలేదని, తనవల్లే కావేరి బతుకు పాడైందని కుమిలిపోయాడు. ఆ సినిమా ఈలోగా నెట్‌లోంచి పోయింది. నేను ఓదార్చాను. భయంలో ఎవరికైనా అవుతుందన్నాను. రోజూ ఓదార్చాను. ఒకరోజు, నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్నో అన్నాడు. తర్వాత పెళ్లి. మా పెళ్లి బరాత్‌లో కూడా అతను అడుగు వెయ్యలేదు. పాప చెయ్యి పట్టుకుని లాగితే, "నాకు రాదు బిడ్డా," అంటాడు.

పోయిన ఆదివారం టీవీలో ఆ సినిమా కనిపించింది. ఏదో యాప్‌లో కొత్తగా వచ్చింది. శివరాజే పెట్టాడు. పాపను ఒళ్లో పెట్టుకుని, లిఫ్టు సీనుకు చాలా ఏళ్ల తర్వాత పగలబడి నవ్వాడు. నేను పాప బట్టలు మడతపెడుతున్నాను. మడతపెట్టినవే మళ్లీ విప్పి మడతపెడుతున్నాను. హాలు వచ్చింది. జంటలు కదిలాయి.

"ఇదేంది, ఉల్టా తిరుగుతున్నరు?" అన్నాడు.

అతని వీపు తెర నిండా వచ్చింది. డెబ్బై నాలుగు. సరిగ్గా. శివరాజ్ ఆపేశాడు. కుడి చెయ్యి లేపి చూసుకున్నాడు, తర్వాత ఎడమ చెయ్యి.

"మనం చూసిందే ఉల్టా ఉండె," అన్నాడు. "నా తప్పు గాదు." నా వైపు తిరిగి, "ఫోన్ నువ్వే గదా పట్టుకున్నది. నీకు కనవడలేదా గీ అంకె?"

అడిగిన తీరులో అనుమానం లేదు. ఉంటే బాగుండేది.

"లేదు. చిన్న ఫోన్ గదా," అన్నాను.

"అవ్, ఎవరు చూస్తరు," అన్నాడు.

వెంటనే కావేరికి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో ఆమె మొదట నమ్మలేదు, తర్వాత నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "ఇన్నేండ్లు నువ్వు ఫికర్ చేసుడు దండగాయె శివన్నా. ముగ్గురం ఉంటిమి, ఒక్కరికన్న కనవడకపాయె. కాదే పిల్లా?" అంది నాతో. ఆఁ అన్నాను. ఒక్క పూటలో ఇది రెండో అబద్ధం.

ఆ తర్వాత శివరాజ్ పాప పాదాలు తన పాదాల మీద పెట్టుకుని హాల్లో తిరిగాడు. పెళ్లయ్యాక అతను అడుగు వెయ్యడం నేను చూసింది అదే. కాళ్లకు పాత దారే గుర్తుంది, ప్రదక్షిణం వైపే వెళ్లాడు. పాప వెనక్కి నడుస్తూ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. సోఫా అంచు దగ్గరపడుతుంటే నేను అరవబోయాను. అతను చూసుకున్నాడు. తిప్పుకున్నాడు.

నాకు సంతోషం కలగలేదు. బాధ కూడా కలగలేదు. బట్టలు బీరువాలో పెట్టాను.

చెబితే ఏం పోతుంది? అతనికి ఇప్పుడే దొరికింది పోతుందా, నేను పోతానా? చెప్పకపోతే ఎవరు ఏం పోగొట్టుకుంటారు? నాకు తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ దగ్గర లేదు. ఇదంతా రాస్తుంటే మాత్రం చాలా ఏళ్ల తర్వాత గుండె కొట్టుకోవడం తెలుస్తోంది.

పేర్లు మార్చాను. ఊరు మార్చలేదు. సినిమాలో అతని పని మార్చలేదు, ఆమె నడిపే బస్సు మార్చలేదు, వీపు మీది అంకె మార్చలేదు. శివరాజ్ ఇది ఎక్కడైనా చదివితే లిఫ్టు దగ్గరే ఆగిపోతాడు. మార్చడానికి చెయ్యి రాలేదు.

నాకు కనిపించింది. ఫోన్ చిన్నదే. అంకె పెద్దగానే ఉంది.