అరచేతంత సాంచ

తాత సాంచలను పాత ఇనుము కింద అమ్మేస్తున్నామని మామ ఫోన్ చేసిన నాటికి నా దగ్గర సగం సాంచ ఉంది. సాంచ అంటే మరమగ్గం. సిరిసిల్లలో మరమగ్గం అన్నవాళ్లను నేను చూడలేదు. నాది మాత్రం అరచేతిలో పట్టేది. విరిగిన గొడుగు ఊచలు, అగ్గిపుల్లలు, పెళ్లిపత్రికల అట్టలు, మందుల సీసాల మూతలతో చేసిన రేకు చక్రాలు. ఆ చక్రాల కోసం అమ్మ బీడీ ఆకు కత్తిరించుకునే కత్తెర మొండిచేసి బాగానే తిట్లు తిన్నాను.

పక్కనే తాత బొమ్మ. వేలెడంత మనిషి. లోపల రాగితీగ, పైన పైపుల లీకులకు పెట్టే ముద్ద. భుజాలు, మోచేతులు, నడుము వంగేట్టు కీళ్లు పెట్టాను. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ తాత షెడ్డులోనే గడిపాను కాబట్టి ఆయన ఎట్లా వంగుతాడో నాకు చూడకుండానే తెలుసు.

సాంచ అట్లా తెలియదు. గుర్తున్నదంతా దాని మురికి. ఇనుప కడ్డీలకు గడ్డంలా వేలాడే దూది, నూనెకు నల్లబడిన హ్యాండిల్, చేయి జారకుండా దానికి చుట్టిన గుడ్డపేలిక. ఇనుము రంగు ఎవరైనా వేస్తారు. దాన్ని పాతగా చేయడమే పని. కుంచెను గుడ్డకు తుడిచి, రంగు దాదాపు ఆరిపోయాక అంచులకు మాత్రమే తాకించాలి. తుప్పుకు ఇటుకపొడి. కానీ ఎక్కడ అరిగిందో, ఎక్కడ తుప్పో చూడకుండా వేస్తే అది ఎవరి సాంచైనా కావచ్చు. నాకు తాత సాంచ కావాలి. లారీ వచ్చేలోపు వెళ్లి కొలుచుకోవాలి, ఫోటోలు తీసుకోవాలి.

అది తెలంగాణ కోసం అన్నీ ఆగిపోయిన కాలం. జగిత్యాలలో మా కాలేజీ మూసేశారు. బస్సులు డిపోలు దాటడం లేదు. నేను కోరుట్ల నుంచి కదలలేను. ఇనుము లారీ కూడా కదల్లేదు. బంద్ ఇంకా ఉంటుందని తెలిసిన ప్రతిసారీ నాకు ప్రాణం కుదుటపడేది. లారీ రాలేదన్నమాట. వెంటనే, నేనూ పోలేనుగా అని గుర్తొచ్చేది. వాకిట్లోకి పోయేదాన్ని, లోపలికి వచ్చేదాన్ని. కుదురు లేని చేతులతో అంటించిన చక్రం వంకరపోయేది. డైరీ తెరిచి, తేదీ రాసి, మూసేసేదాన్ని.

"కాలుగాలిన పిల్లి లెక్క ఏందే గా తిరుగుడు," అని అమ్మ బీడీల చాటలోంచి తల ఎత్తకుండానే అనేది. చివరికి ఒక పొద్దున ఆమే చాట పక్కన పెట్టి లేచింది. "నడువు. మా బాపు సాంచలు పోతుంటె నేను గూడ సూడొద్దా?"

జగిత్యాల దాకా ఆటో దొరికింది. అక్కడి నుంచి వేములవాడ దిక్కు పోయే జీపు ఎక్కాం. ఒక ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు. రాళ్ల మధ్య పొయ్యిలు. రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే బంతిభోజనం. అవతల లారీలు బారులు తీరి ఉన్నాయి. ఖాళీ లారీ కనబడితే చాలు, ఇదేనేమో అని తొంగి చూసేదాన్ని.

ఆడవాళ్లు మమ్మల్నీ బంతిలో కూర్చోబెట్టారు. నా ఒళ్లో మిఠాయి డబ్బా చూసి ఒకామె, "ఒక్కతే తింటవా బిడ్డా, మాకు పెట్టవా?" అంది. డబ్బాను రెండు చేతులా పట్టుకున్నాను. అమ్మే డబ్బా లాక్కుని మూత తీసింది.

"మిఠాయి లేదు. మా బాపు ఉన్నడు ఇండ్ల."

తాత బొమ్మ చేతులు మారుతూ బంతి చివరిదాకా పోయి వచ్చింది. ఒకామె దాన్ని నా ఇస్తరాకు అంచున కూర్చోబెట్టి ముందర ఒక్క మెతుకు పెట్టింది. "తింటలేడు, దీక్షల గూసున్నట్టుంది," అంటే అందరూ నవ్వారు. పొగలోంచి వెనక లారీల చక్రాలు, ముందు మెతుకు ఎదుట వేలెడంత మనిషి. బొమ్మ కంటి ఎత్తుకు ఫోన్ దించి తీస్తే ఎంత బాగుండేది! అట్లా తీయాలంటే బోర్లా పడుకోవాలి. అంతమంది ముందు నావల్ల కాలేదు.

సిరిసిల్ల చేరేసరికి ఎండ వాలింది. లారీ రాలేదు. సాంచలు ఉన్నాయి. కానీ తాత వాటిని కిరోసిన్‌తో కడిగాడు.

దూది లేదు. నూనె మరక లేదు. పేలిక విప్పేశాడు. ఇనుమంతా మెరుస్తోంది. ప్రతి సాంచకూ బొట్టు పెట్టి బంతిపూలు చుట్టాడు. తనూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పెండ్లికి తయారు జేసినవా బాపూ," అంది అమ్మ.

"ఫోటో దీస్త అన్నది గద బిడ్డ. గలీజుగ ఉంటె ఎట్ల?" అన్నాడు తాత. మోకాళ్లు పట్టేసినా పొద్దంతా అదే పని చేశానని, పైన రేకుల దాకా మాత్రం చేయి అందలేదని చెప్పాడు.

ఫోన్లో నేను ఫోటో అని మాత్రమే చెప్పాను. మురికి కావాలని చెప్పలేదు. అట్లాంటి మాట ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఇప్పుడు చెప్పి లాభం లేదు. టేపు తీసి కొలతలు రాసుకున్నాను. తాత డబ్బాలోంచి బొమ్మను తీసి వెలుగుకు పెట్టి చూశాడు.

"గీ ముసలోడెవడు?"

"నువ్వే తాతా."

"నేను గిట్ల వంగుతనా?"

వంగుతావని అమ్మ అంటే ఆయనకు నచ్చలేదు. సాంచ పక్కన వెన్ను నిటారుగా పెట్టి, చేతులు కిందికి చాచి నిలబడ్డాడు. అట్లాగే ఫోటో తీశాను. షెడ్డు చుట్టూ తిరిగాను. తీయడానికి ఇంకేమీ దొరకలేదు. వచ్చిన దారినే తిరిగిపోవాలంటే మనసొప్పలేదు.

"ఒక్కపారి నడిపియ్యి తాతా," అన్నాను.

పడుగు లేని సాంచను ఎవరన్నా నడుపుతారా అని విసుక్కున్నాడు. అయినా పోగుతో అటూ ఇటూ పరిగెత్తే నాడె తీసి పక్కన పెట్టాడు. పోగుల్లేకుండా తిరిగితే అది ఎగిరి ముఖాన కొడుతుందట. కరెంటు లేదు. గుమ్మంలో కూర్చుని ఎదురుచూశాం. అమ్మ వాళ్ల చిన్నప్పటి సంగతులేవో చెప్తోంది, నా చెవి మోటారు మీదే ఉంది. బల్బు వెలగగానే తాత హ్యాండిల్ లాగాడు.

చప్పుడు నేలలోంచి నా పళ్లలోకి వచ్చింది. రేకులు అదిరాయి. తాత చేయి అందని చోటు నుంచి, ఏళ్లుగా దూలాలకు పట్టిన దూది వదిలి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. కడిగిన ఇనుము మీద, బంతిపూల మీద, ఇస్త్రీ చొక్కా మీద. తాత అది చూడలేదు. హ్యాండిల్ మీద చేయి వేసి, చప్పుడులో ఏదో తేడా వింటున్నట్టు చెవి వంచాడు. నడుమూ వంగింది. నేను గచ్చు మీద బోర్లా పడుకుని, ఫోన్ నేలకు ఆనించి తీస్తూనే ఉన్నాను. అమ్మ కొంగు ముక్కుకు పెట్టుకుని నన్నే చూస్తోంది.

తర్వాత తాత తువ్వాలతో దులపబోయాడు. "వద్దు తాతా, నేను దులుపుత," అన్నాను. దులపలేదు. పిడికెడు డబ్బాలో వేసుకున్నాను.

బంద్ సడలిన వారంలోనే లారీ వచ్చిందట. తెచ్చిన దూది పనికిరాలేదు. నా సాంచ మీద పెడితే ఒక్కో పోగు మోకు లావున కనబడింది. చివరికి సుద్దముక్క నూరి, కుంచె మీద ఊది చల్లాను. వెనక తెల్ల లంగాబట్ట కట్టి, కిటికీ ఎండలో ఫోటో తీశాను.

తాత కోరుట్ల వచ్చినప్పుడు ఆ ఫోటో తెరిచి ఫోన్ చేతికిచ్చాను. దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిది నేను తుడువకముందుది గదా? ఎప్పుడు దీసినవే?"

నా సాంచ ఆయన వెనక గూట్లోనే ఉంది. చూపించాలనుకున్నాను. ఆయన అప్పటికే ఫోటోలో దూది దగ్గర బొటనవేలితో రుద్దుతున్నాడు. రుద్దితే ఫోటో జరిగి ఇంకొకటి వచ్చింది. మెరిసే సాంచ, పూలు, ఇస్త్రీ చొక్కా, నిటారుగా తాత.

"గిది మంచిగున్నది," అన్నాడు. "గిదే పెద్దగ జేపియ్యి, గోడకు పెడ్త."

చేయించి ఇచ్చాను. ఇప్పుడు తాత వస్తున్నాడని తెలిస్తే గూట్లో బొమ్మ నడుము సరిచేసి నిలబెడతాను. ఆయన బస్సెక్కాక మళ్లీ వంచుతాను.