పారమ్మత్త తాగిన దోసెడు నీళ్ళు

శుద్ధి చేసి వదిలిన మురుగునీరు ఎంత శుభ్రమైతే మనిషి భయం లేకుండా అందులో కాలు పెట్టగలడు?

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. ఏళ్ల తరబడి ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

నిన్న ఉదయం బరంపురం హాస్పిటల్ నుంచి తమ్ముడి ఫోన్.
"అక్కా, అత్త ఎల్లిపోయింది."

వెంటనే వంటింట్లో కుళాయి కట్టేశాను. ఎందుకో తెలీదు. నీళ్ళ చప్పుడు వినలేకపోయాను.

పారమ్మత్త మా నాన్న చెల్లెలు. ఒడిశాలో చికిటి వైపు మా చిన్న ఊళ్ళో ఒకప్పటి వార్డు మెంబరు.

అప్పట్లో ఊరి డ్రైన్లన్నీ నేరుగా ఏట్లో కలిసేవి. మురుగునీటి ప్లాంటు శాంక్షన్ అయింది. అందరికీ కావాలి, ఎవరి వీధిలోనూ వద్దు.

మీటింగులో ఎదురింటి పెద్దాయన ఎగతాళి చేశాడు.
"అంత ముచ్చటైతే నీ గుమ్మం పక్కనెట్టుకో పారమ్మా, ఊరి పెంటంతా."

"ఎట్టుకుంటాను బావా. నీ పెంట నాకు కొత్తేటి? నీ మాటల్లో రోజూ ఇంటన్నాను గదా."

మీటింగంతా నవ్వింది. ప్లాంటు అత్త పెరటిగోడ వెనకే వచ్చింది.

ఆ ఏడు కార్తీక పున్నమి.
మా దగ్గర ఒడియావాళ్ళూ మనవాళ్ళూ కలిసి తెల్లారేసరికి ఏట్లో అరటిదొప్ప పడవలు వదులుతారు. రేవుకి కాస్త ఎగువనే ప్లాంటు నీరు కలుస్తుంది. "అది కక్కసు నీరు" అంటూ అందరూ పడవలు పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయారు.

అత్త మోకాలిలోతు దిగి నన్ను పిలిచింది.
"కోడలా, సదూకున్నదానివి. ఈ నీరు మంచిదేనా? సెప్పు."

"దిగితే ఫర్వాలేదనుకుంటాను అత్తా. తాగడానికి మాత్రం కాదు."

"అనుకుంటావేటి? ఈళ్ళకి 'అనుకుంటాను' సాలదే!"

దోసెడు తీసి తాగేసింది.

పడవలు కదిలాయి.

అప్పట్నుంచి ప్రతి కార్తీక పున్నమికీ అంతే. అత్త తాగందే ఎవరూ పడవ వదలరు. ఎవరూ పెట్టని ఆనవాయితీ.

నేను గట్టు మీంచి చూసేదాన్ని. కరెంటు పోతే నీటిలోకి గాలి కొట్టే మిషన్లు ఆగిపోతాయి. అప్పుడు వచ్చేది ఎలాంటి నీరు? ఒకసారి శాంపిల్ టెస్ట్ చేయించాను. బాగానే ఉంది. కానీ రిపోర్టు ఆ పూట నీటి సంగతే చెబుతుంది.

అత్తకీ ఆ భయం ఉండేదేమో. "మిసన్ సప్పుడు ఇనబడకపోతే నాకు ముద్ద దిగదే" అనేది.

ఈసారి పున్నమి తర్వాత జ్వరం. తర్వాత కామెర్లు.

నీటివల్ల రావచ్చన్నారు డాక్టరు. ఏ నీరో చెప్పలేమన్నారు. ఇంటి బావి కావచ్చు, పెళ్ళిభోజనం కావచ్చు.

ఊరు మాత్రం చెప్పేసింది. "సూసినారా, ఆ నీరే తినేసింది" అని టీకొట్టు దగ్గర అనుకుంటున్నారట. ప్లాంటు మూసెయ్యాలట. మూస్తే డ్రైన్లు మళ్ళీ నేరుగా ఏట్లోకే. దిగువన అవే నీళ్ళు పశువులకూ పిల్లలకూ.

పదో రోజు మేమంతా ఆ రేవులోనే స్నానం చెయ్యాలి. సదూకున్నదానివి, దిగొచ్చా అని బంధువులు నన్నే అడుగుతున్నారు. మా అమ్మాయి కూడా.

దిగొచ్చంటే నా పిల్ల గురించి భయం.
వద్దంటే, సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. అత్త నిలబెట్టిన ప్లాంటుని నా నోటితో నేనే మూయించినట్టవుతుంది.

అత్తా, ఇంక మిషన్ చప్పుడు కోసం చెవులు రిక్కించక్కర్లేదు. హాయిగా నిద్రపో.

వాళ్ళకి ఏం చెప్పాలో మాత్రం నాకింకా తేలలేదు.