టౌన్ హాల్ దూలాలు

డెట్రాయిట్ శివార్లలో మేమున్న ఊళ్లో, ఇంగ్లాండు మీద బెంగపెట్టుకున్న కలప వ్యాపారి ఒకాయన ఎప్పుడో అచ్చం అక్కడి పద్ధతిలో టౌన్ హాల్ కట్టించాడు. కింద రాతి స్తంభాల మధ్య గోడల్లేని వసారా, దాని మీద పెద్ద హాలు, నెత్తిన గడియారపు గోపురం. లోపలా బయటా తెల్లటి సున్నం మీద నల్లటి ఓక్ దూలాలు. ఒక్కోదాన్నీ పైకెత్తడానికి రెండు ఏనుగులూ, ఒక మావటీల యూనియనూ కావలసి వచ్చుంటాయి.

ఎనభైల మొదట్లో ఆ హాల్లోనే మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన. పది కుటుంబాలం. నేను పాట అందుకుంటే ఆ పైకప్పు దాన్ని నలభై కుటుంబాల పాటగా మార్చి తిరిగిచ్చేది.

ఆ క్రిస్మస్‌కి నక్షత్రం కట్టడానికి నిచ్చెనెక్కి దూలానికి మేకు కొట్టాను. ఓక్‌లోకి మేకు దిగాలంటే బైబిల్లోని బలశాలి సంసోను రావాలి. నాది రెండో దెబ్బకే అవతలికి పోయింది. అంగుళం పలక, వెనకంతా బోలు! కింద నిచ్చెన పట్టుకున్నది పక్క ఊరు ట్రాయ్ నుంచి వచ్చే మిత్రుడు, కార్ల కంపెనీ ఇంజనీరు.

"బ్రదర్, ఇది మనిద్దరి మధ్యే," అన్నాను.

"సమాధిదాకా నాతోనే, బ్రదర్."

వసంతంలో హాలు పడగొట్టి పార్కింగ్ వేయాలా, చారిత్రక కట్టడంగా ఉంచాలా అని ఊరి కౌన్సిల్ విచారణ పెట్టింది. నేను లేచి, సొలొమోను మందిరం తర్వాత ఇంతటి కలపపని భూమ్మీద జరగలేదన్నాను. తర్వాత మా మిత్రుడు లేచాడు. బలపరుస్తాడని కుర్చీలో విశాలంగా సర్దుకున్నాను.

"అవి దూలాలు కావు. మేకులు కొట్టిన పలకలు. కనిపెట్టింది ఈ బ్రదరే."

అందరూ నావైపు తిరిగారు. ఒళ్లో బైబిలు. అవునన్నాను. హాలు పోయింది.

బయటికొచ్చాక పార్కింగ్‌లో పట్టుకున్నాను.

"ఏంటి బ్రదర్ ఇది?"

"కౌన్సిల్ ముందు అబద్ధం చెప్పమంటావా? అయినా వర్రీ అవకు బ్రదర్, మా బేస్‌మెంట్ రెడీగా ఉంది. కార్పెట్ కూడా వేయించేశా."

"ఎప్పుడు?"

"జనవరిలోనే," అన్నాడు కారు తాళాలు వెతుక్కుంటూ.

వేసవిలో మొదటి ఆరాధనకి వెళ్తే, ఆ బేస్‌మెంట్ కప్పునిండా నల్ల దూలాలు. పడగొట్టినవాళ్ల దగ్గర కొని తెచ్చి అంటించాడు. కొత్తగా వచ్చిన కుటుంబం తలలెత్తి చూస్తోంది.

"ప్యూర్ ఇంగ్లాండ్ ఓక్ అండి," అన్నాడు వాళ్లతో. ఆపైన నావైపు తిరిగి, "కదా బ్రదర్?"

సరిగ్గా నా తల మీదే నా మేకు చేసిన కన్నం.

"అవునండి. రెండు ఏనుగులు మోశాయి," అన్నాను.

ఆ మాట అనేసి, కన్నం కింది కుర్చీ వదిలి మెట్ల పక్కకి వెళ్లి కూర్చున్నాను. ఆ బేస్‌మెంట్‌లో ఆరాధన జరిగినన్నాళ్లూ అక్కడే కూర్చున్నాను. పాట మాత్రం మళ్లీ అందుకోలేదు.