మా గల్లీలో అద్దెకున్న పాస్టరమ్మ

మా పదో తరగతి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున ఒక మెసేజ్ వచ్చింది. "మన లెక్కల టీచర్ గారు నిన్న సాయంత్రం కరీంనగర్‌లో కూతురి ఇంట్లో ప్రభువునందు నిద్రించారు." నేను ఆసిఫాబాద్‌లో నర్సును. అప్పుడే డ్యూటీ ఎక్కాను. ఆ మాట చదవగానే నాకు మొదట తోచింది చెబితే నవ్వుతారు. నిద్రా? ఆమెనా? మధ్యాహ్నం పీరియడ్‌లో మా రెప్ప వాలితే చాక్‌పీసు ముక్క విసిరి లేపిన మనిషి. ఆ తర్వాత ఏడుపొచ్చింది. మందుల గదిలోకి పోయి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, పేషెంట్లకు ఇవ్వాల్సిన సూదులు ఇచ్చాను. ఆ రోజు సెలవు దొరకలేదు. మట్టి చేసే వేళకు అందలేకపోయాను.

కాగజ్‌నగర్‌లో మేము చదివింది చర్చి వాళ్ళ స్కూలు. అదే ఆవరణలోని చర్చికి ఆమె భర్త పాస్టర్, స్కూల్లో ఆమె లెక్కల టీచర్. చర్చికి వచ్చేవాళ్ళు ఆమెను అమ్మగారు అనేవారు. మేము టీచర్ అనేవాళ్ళం. మా అమ్మీ మాత్రం ఉస్తానీ అని పిలిచేది. చర్చి స్కూలన్న మాటే గానీ, క్లాసులో మా ముసల్మాన్ల పిల్లలం, మిల్లు క్వార్టర్ల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే రైతుల పిల్లలు, అందరం కలగలిసి ఉండేవాళ్ళం. లెక్కలంటే జ్వరం రావడంలో మాత్రం ఏ తేడా లేదు.

పాస్టర్ భార్యగా ఉండడం కూడా ఒక ఉద్యోగమేనని ఆమెను చూశాకే తెలిసింది. ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఎవరు వచ్చినా టీ పెట్టాలి. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా పోయి మంచం పక్కన కూర్చోవాలి. ఆదివారం మొదటి వరుసలో కూర్చోవాలి, అక్కడ కూర్చున్నందుకు అందరి కళ్ళూ వీపున మోయాలి. ఆమె కొత్త చీరను కొత్తగా ఎప్పుడూ కట్టలేదు. తన జీతంతో కొనుక్కున్నదైనా సరే, నానబెట్టి, ఉతికి, ఎండేసి, మళ్ళీ ఉతికి, మెరుపంతా పోయాకే చర్చికి కట్టుకొచ్చేవారు. పండక్కి కూడా అంతే. మాకు ప్రాణం ఉసూరుమనేది. ఎందుకట్లా అని ఒకసారి అడిగాను.

"ముందటి వరుసల కూసునేదాన్ని కదనే. నా ఎనుక కూసున్నోళ్ళు పాట పాడాలె గని, నా చీర ధర ఎంతుంటదో లెక్కగట్టద్దు" అన్నారు.

పాస్టర్ అయ్యగారు చాలా మంచి మనిషి, కాకపోతే భోజనం ముందు ప్రార్థన మొదలుపెడితే రోగులనూ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళనూ, పరీక్షలు రాసేవాళ్ళనూ, అందరినీ పేరు పేరునా తలచుకునేవారు. ట్యూషన్‌కు పోయిన మేము కళ్ళు మూసుకుని పప్పు వాసన పీలుస్తూ కూర్చునేవాళ్ళం. కొంతసేపటికి టీచర్ గరిటెతో గిన్నె అంచు మీద చిన్నగా తట్టేవారు. ఆయన వెంటనే ఆమెన్ అనేవారు. వాళ్ళిద్దరి మధ్య ఈ ఒప్పందం ఎప్పుడు కుదిరిందో గానీ ఒక్కసారి కూడా తప్పలేదు.

క్లాసులో ఆమె పద్ధతి వేరు. బోర్డు మీద మేము తప్పు చేస్తే తుడవనిచ్చేవారు కాదు. ఆ తప్పు చుట్టూ ఒక డబ్బా గీసి, పక్కన ఒప్పు చేయించేవారు. "తుడిస్తే తప్పు పోదు, కనబడకుంట అయితది అంతే. ఏడ పుట్టిందో చూడుండ్రి" అనేవారు. గంట కొట్టేసరికి బోర్డంతా డబ్బాలే. వాటిలో నావే ఎక్కువ. మాకు మరీ తొందరైన విషయం ఒకటుండేది, రెండు వైపులా ఒకే అంకె కనిపిస్తే చాలు, టక్కున కొట్టేయడం. "కొట్టేసేటందుకు అంత ఉరుకులాటెందుకు? ముందుగాల చూడుండ్రి" అని చెవి పట్టుకునేవారు. ఆ వేళ్ళకు ఎప్పుడూ సుద్ద వాసన.

మేము పదో తరగతిలో ఉండగా, వానాకాలం మధ్యలో, అయ్యగారికి బదిలీ అయింది. భైంసా అవతల ఒక పల్లె చర్చి. చర్చి వాళ్ళ బదిలీ అంటే ఒక మనిషికి కాదు, ఇంటికంతటికీ. పాస్టర్ వెంట అమ్మగారు పోవాలి. ఆడవాళ్ళ కూడికలు నడిపేది ఆమే, కొత్త ఊళ్ళో ఇంటింటికీ తిరిగేది ఆమే. అమ్మగారు లేకుండా దిగిన అయ్యగారిని కొత్త సంఘం చిన్నచూపుగా తీసుకుంటుంది. అది అందరికీ తెలుసు, ఆమెకు అందరికంటే ఎక్కువ తెలుసు. ఇంకోవైపు మా స్కూలుకు మరో లెక్కల టీచర్ దొరకలేదు. వెతికారు, ఎవరూ రాలేదు. పబ్లిక్ పరీక్షలు ముందున్నాయి.

ఆమె ఆగిపోయారు. సామాన్ల లారీలో అయ్యగారూ, ఎనిమిదో తరగతి చదివే వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డా పోయారు. ఆయనకు అన్నం వండటం రాదు. వచ్చినవాళ్ళకు టీ పెట్టడానికి ఇంట్లో ఆడదిక్కు ఉండాలి. అందుకని బిడ్డ పోవాల్సి వచ్చింది. లారీ కదిలేటప్పుడు ఆ అమ్మాయి తల్లి వైపు చూడలేదు, ముందు సీట్లో తిన్నగా కూర్చుంది. మేమంతా చేతులూపాం. మా లెక్కల టీచర్ మాకు మిగిలిందని లోపల సంబరంగా కూడా ఉంది. పదిహేనేళ్ళ పిల్లలకు అంతకంటే ఏం తెలుస్తుంది!

చర్చి ఇంట్లోకి కొత్త పాస్టర్ కుటుంబం రావాలి కాబట్టి ఆమెకు ఉండడానికి చోటు లేకుండా పోయింది. అప్పుడు మా అమ్మీ స్కూలు గేటు దగ్గరికే పోయి, "ఉస్తానీ, ఫికర్ నక్కో కరో. మా ముందటి అర్ర ఖాలీగనే ఉన్నది, వచ్చి ఉండుండ్రి" అంది. అట్లా మా మసీదు గల్లీలోకి ఒక పాస్టరమ్మ అద్దెకొచ్చారు. గల్లీలో కొందరు మా అబ్బాను అడిగారు, ఇదేందని. చర్చి వాళ్ళు కొందరు ఆమెను అడిగారు, అదేందని. ఇద్దరూ వినీ విననట్టే ఊరుకున్నారు. తెల్లవారుజామున ఫజర్ అజాన్‌కు మా ఇంట్లో అందరికంటే ముందు ఆమె గదిలో లైటు వెలిగేది. "మీ అజాన్ పుణ్యాన నా ప్రార్థన గుడ జర పొద్దుగాల అయితుంది" అని అమ్మీతో నవ్వేవారు. రంజాన్ నెలలో మాకు సాయంత్రం ట్యూషన్ చెబుతూ చెబుతూ, పొద్దు కుంకే వేళకు లెక్కను సగంలో ఆపి, ఖర్జూరం పళ్ళెం మా ముందుకు జరిపేవారు.

నెలకోసారి ఆమె భైంసా పోయేవారు. శనివారం బడి కాగానే సంచి సర్దుకుని బస్సులు మారుకుంటూ పోవడం, సోమవారం బడి వేళకు మళ్ళీ రావడం. పోయే ముందు బిడ్డకని కొబ్బరి, చక్కెర కూరి గరిజెలు చేసేవారు. నేను అంచులు నొక్కేదాన్ని. తిరిగి వచ్చాక మాత్రం ఆ రోజంతా పెద్దగా మాట్లాడేవారు కాదు. ఒకసారి అమ్మీ అడిగింది, "బేటీ ఎట్లున్నది ఉస్తానీ?" అని.

"బాగనే ఉన్నది. నా లెక్కనే చీర కొంగు దోపుకొని టీలు వోస్తుంది, ముందటి వరుసల కూసుంటుంది. గా సంగపోళ్ళు దాన్నే చిన్నమ్మగారు అంటుండ్రు" అన్నారు. మళ్ళీ తనే, "నాతోని ఒక్క కొట్లాట గుడ పెట్టుకుంటలేదు. పెట్టుకుంటే బాగుండు" అన్నారు. అమ్మీ ఆమె చేతిలో చాయ్ గ్లాసు పెట్టింది.

పరీక్షలు అయిపోయిన మర్నాడే ఆమె వెళ్ళిపోయారు. తర్వాత పాత ఆదిలాబాద్ జిల్లాలో ఎన్ని ఊళ్ళు తిరిగారో. ఎక్కడికి పోయినా లెక్కలే చెప్పారు. అయ్యగారు చనిపోయాక కొన్నాళ్ళు నిర్మల్‌లో ఒక్కరే ఉన్నారు. నేను నర్సు ఉద్యోగంలో చేరాక అప్పుడప్పుడు పోయి చూసేదాన్ని. బిడ్డకు పెళ్ళయి కరీంనగర్‌లో కాపురం. పండక్కి వచ్చేది, ఏ లోటూ రాకుండా చూసుకునేది. మందులు తెచ్చేది. కానీ తల్లి దగ్గర తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పేది కాదట. ఆ మాట టీచర్ ఫిర్యాదుగా చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పారు.

నేను ఉండబట్టలేక అడిగాను. "ఆ ఏడాది మా కోసం ఆగినందుకు ఇప్పుడు బాధగా ఉందా టీచర్?"

లెక్కను చదువుకునేటప్పుడు చూసినట్టు నన్ను చూశారు. "మీకందరికి టీచర్ దొరికింది. నా బిడ్డకు కన్న అవ్వ దొరకలే. రెండూ నిజమే పిల్లా. ఒకదాన్ని జూపెట్టి ఇంకోదాన్ని కొట్టెయ్యరాదు. నేను కొట్టెయ్యలే" అన్నారు. నాకు తెలిసిన గొప్ప మాటలు చాలా ఉన్నాయి గానీ, నా పిల్లల మీద అరిచి డ్యూటీకి పోయిన రోజుల్లో నన్ను నిలబెట్టింది ఈ మాటే. తన పని మంచిదని నమ్మడమూ, దానికి ఇంకొకరు పడ్డ నొప్పిని ఒప్పుకోవడమూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మోకాళ్ళు పని చేయక, గుండె బలహీనపడ్డాక, బిడ్డే వచ్చి ఆమెను కరీంనగర్ తీసుకుపోయింది. ఆఖరి నెలలు అక్కడే గడిచాయి.

మట్టి అయిన కొన్ని రోజులకు కరీంనగర్ చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ళను తలచుకుని ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతారు. నేను వెనక వరుసలో కూర్చున్నాను. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఆదిలాబాద్ నుంచి, భైంసా నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. అంతా బాగానే సాగుతోంది. అప్పుడు మా బ్యాచ్ వాడొకడు మైకు అందుకున్నాడు. ఇప్పుడు బాగా బతుకుతున్నాడు, మాటకారి. గొంతు పెంచి, "సొంత బిడ్డను సైతం దూరం చేసుకొని, మా కోసం ఆగిపోయిన తల్లి! ఇంతకు మించిన త్యాగం ఉందా?" అన్నాడు. కూడికంతా ఒక్క గొంతుతో "స్తోత్రం" అంది.

ఆ సొంత బిడ్డ మొదటి వరుసలో కూర్చుని ఉంది. వాడికి ఆ సంగతి తట్టనే లేదు. పొగిడే హడావుడిలో, ఆ త్యాగం ఎవరి వాటా తీసి చేశారో ఆ మనిషి ఎదుటే చెప్పి మెప్పు అడిగాడు.

టీచర్ బిడ్డ లేచి వచ్చి మైకు తీసుకుంది. కోపంగా లేదు.

"స్తోత్రం అన్నరు. నేను అనలే, జర మాఫ్ చెయ్యుండ్రి" అంది. "గా ఏడాదే నేను పెద్దమనిషినైన. సంగపు ఆడోళ్ళు నాకు నీళ్ళు వోసిండ్రు. పాపం, మంచిగనే చూసుకున్నరు. నేను మాత్రం బస్సు సప్పుడైతే చాలు, గదిగో అవ్వ అనుకున్న. రెండు వారాల దాక రాలే. మీ పరీక్షలు నడుస్తుండె. ఆమె గొప్ప టీచర్ అని ఎంత చెప్పినా వింట. తల్లి సంగతి మాత్రం నేను చెప్త."

ఆ తర్వాత చెప్పింది. ఇక్కడికి వచ్చాక తల్లి పొద్దంతా వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేదట. టీవీ వద్దు, బైబిలు తర్వాత చదువుతా అనేదట. బిడ్డ కూరగాయలు తరుగుతుంటే, అన్నం వారుస్తుంటే చూస్తూ ఉండేదట. పాత పిల్లల ఫోన్లు వచ్చేవి. "ఎవ్వలు చేసినా తియ్యకు బిడ్డా, ఇయ్యాల నాకు పనున్నది" అనేదట. "ఏం పనే అవ్వా అంటే, నిన్ను చూసుడే అన్నది. మస్తు మంది పిల్లలను సక్కగ చూసిన, నిన్ను ఇంకా చూసుడు కాలే అన్నది. గంతే, నేను చెప్పేది." మైకు అక్కడ పెట్టి పోయి కూర్చుంది.

ఆ నెలల్లో నేనూ చాలాసార్లు ఫోన్ చేశాను. ఒక్కసారీ ఎత్తలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. అక్కడ కూర్చుని ఆ మాట వింటుంటే, ఎత్తనందుకు ఆమెకు దండం పెట్టాలనిపించింది.

కూడిక తర్వాత ఇంటి దగ్గర భోజనాలు. నాకు ఆ అమ్మాయికి ఎదురుపడే ధైర్యం లేక ఒక మూలన విస్తరి ముందు కూర్చున్నాను. ఆమే వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చి ఆగింది.

"నువ్వు మసీదు గల్లీల ఇంటోళ్ళ బిడ్డవు కదా? గా బ్యాచే కదా?"

"అవునక్కా" అన్నాను. నిజానికి వయసులో నాకంటే చిన్నది, అయినా నోటికి అదే వచ్చింది.

"లెక్కలల్ల ఎన్నొచ్చినయ్?"

అబద్ధం చెప్పే చోటు కాదది. "నలభై ఒకటి" అన్నాను.

ఆమె గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. "నూటికా?"

"నూటికే."

"నలభై ఒకటికా! గీ నలభై ఒకటి కోసమా మా అవ్వ నన్ను గా ఊర్లె ఇడిచిపెట్టింది!" అని ఇల్లంతా తిరిగి చూసేటట్టు అరిచింది. అరుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ గిన్నె కింద పెట్టేసి, నా పక్కనే చాప మీద కూలబడింది. పప్పు అంటిన చెయ్యి పైకెత్తి పట్టుకుని, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.