ఆ రెండు ఇడ్లీలు

డెబ్భైల చివర మేం గోపాలపట్నంలో ఉండేవాళ్లం. మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఎన్నాళ్లకీ ఆయన కడుపునొప్పి తగ్గకపోతే ఆస్పత్రిలో పరగడుపున ఎక్స్‌రేకి రమ్మన్నారు. పదకొండు దాటినా పిలుపు రాలేదు. నాకు మనసాగక, దాచి తెచ్చిన రెండు ఇడ్లీలు ఆయన చేతిలో పెట్టాను. బయటికెళ్లి మూతి తుడుచుకుంటూ వచ్చారు.

తెల్లటి మందు తాగించి ఫిల్ము తీశాక డాక్టరు అడిగారు: "కడుపులో ఏదో నీడ ఉంది. ఏమైనా తిన్నారా?"

ఆయన తల దించుకున్నారు. "రెండిడ్లీలు తిన్నారండీ," అని నేనే ఒప్పుకున్నాను.

"అయితే అది తిండే. వారం పోయాక పరగడుపునే రండి."

ఇచ్చిన మందుకు నొప్పి తగ్గింది. మేం మళ్లీ వెళ్లలేదు.

ఆర్నెల్లకు రక్తం కక్కుకున్నారు. ఆపరేషన్ చేస్తే సరిగ్గా ఆ నీడ ఉన్నచోటే గడ్డ. అరుదైన రకమట, ముదిరిపోయిందట. నా ఇడ్లీలే కొంప ముంచాయని మంచం పక్కన ఏడ్చాను.

"అవి నాను తిననేదే," అన్నారాయన మెల్లగా. "ఆకలే నేదు. కుక్కకి పెట్టేసినాను. డాక్టరు ముందు సెప్తే నువ్వు సిన్నబోతావని ఊరుకున్నాను."

నెల తిరక్కుండా ఆయన పోయారు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఆకలి లేదంటే నేను బతిమాలి తినిపించను. ఎన్నాళ్ల నుంచి లేదని అడుగుతాను.